ఆరోగ్యవరము నుండి ఇంటి అరుగు దాక

మదనపల్లె దాటి కొద్ది దూరము పోయినచో ఆరోగ్యవరము కనబడును. పేరు వినినంతనే అది ఏ పాతకాలపు అగ్రహారమో యనిపించును. కాని అది ఇరువదవ శతాబ్ది ఆరంభమున క్షయరోగుల కొఱకు వెలసిన శానిటోరియమునకు వచ్చిన పేరు. నాడు చిత్తూరు జిల్లాలోనిదైన ఆ చోటికి దక్షిణ దేశపు నలుమూలల నుండియు రోగులు వచ్చుచుండిరి. మా యింటి పెద్దలలో ఒకామె, ఊరిలోని ఒకరిని గూర్చి "ఆరోగ్యవరము పోయి వచ్చిన మనిషి" అని చెప్పునపుడు గొంతు తగ్గించి, వాకిలి వైపు ఒకసారి చూచి మఱీ చెప్పెడిది. ఆ గొంతు తగ్గించుటలోనే ఆ రోగపు చరిత్ర సగమున్నది. తక్కిన సగమును ఈ ప్రసంగమున చెప్ప దలచితిని.

ఒక రోగమునకు మందు కనిపెట్టుట యొక యెత్తు. ఆ మందును ఊరూరికి, ఇంటింటికి చేర్చి, రోగిచేత తుదివరకు తినిపించు పద్ధతిని కనుగొనుట మఱియొక యెత్తు. మొదటి పని చేసినవారి పేర్లు బడిపిల్లలకును తెలియును. రెండవ పని యెప్పుడు మారినది, ఎందులకు మారినది, ఎవరు మార్చిరి అనునది మాత్రము చికిత్స కార్డులలోను, వార్షిక నివేదికలలోను అణగి యుండును. అదృష్టవశమున మన రాయలసీమలో ఆ కాగితములు వ్రాసినవారు గట్టివారు.

మందు లేని కాలమున క్షయకు చికిత్స యనగా విశ్రాంతి, గాలి, బలమైన ఆహారము. ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున పర్వత ప్రాంతములలో మొదలైన ఈ పద్ధతి 1906లో అజ్మీరు సమీపమున తిలోనియాలో స్థాపించిన శానిటోరియముతో మన దేశమునకు వచ్చినది. దక్షిణమున పలు క్రైస్తవ మిషను సంఘములు కలసి 1912లో మదనపల్లెలో తాత్కాలికముగా పని ప్రారంభించి, 1915 నాటికి సొంత భవనములలో స్థిరపడినవి. దానికి మొదటి అధిపతి డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమోట్ మొల్లర్. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు, పొడి గాలి, తక్కువ వాన. సేద్యము చేయువానికి శాపమైన ఈ లక్షణములే ఊపిరితిత్తుల రోగికి వరములుగా తోచినవి.

అక్కడ రోగి చేయవలసిన పని ఏమియు చేయకుండుటయే. వరండాలలో మంచములు, వేళకు పాలు, వేళకు నిద్ర, రోజునకు పలుమార్లు జ్వరము చూచుట, తప్పక బరువు తూచుట. జ్వరము తగ్గినవానికి కొద్దిపాటి నడక, తరువాత కొద్దిపాటి తోటపని. వ్యాధి ముదిరినవానికి పక్కటెముకల సందున సూదితో గాలి నింపి, ఊపిరితిత్తిని కొంతకాలము ముడుచుకొనునట్లు చేసి దానికి విశ్రాంతి నిచ్చెడివారు. నెలలు గడచెడివి, ఒక్కొక్కనికి సంవత్సరములే గడచెడివి. కొందఱు బాగుపడిరి, కొందఱు లేదు. ఇంటివద్ద సంపాదించు మనిషి అన్ని నెలలు మంచముపై నుండవలెనన్నచో, వెనుక ఎవరు అన్నము పెట్టుదురన్న ప్రశ్నకు ఆ పద్ధతిలో సమాధానము లేదు.

లెక్క అంతకంటె కఠినము. 1946లో భోరు సంఘము వేసిన అంచనా ప్రకారము దేశమున సుమారు 25 లక్షలమంది క్షయరోగులుండగా, వారికి గల పడకలు 6,000 మాత్రమే. నాలుగువందల మందికి ఒక్క మంచము! ఎన్ని ఆరోగ్యవరములు కట్టినను ఈ లెక్క తీరదని అందఱికంటె ముందుగా గ్రహించినవారు ఆరోగ్యవరమువారే కావచ్చునని నా అభిప్రాయము. ఎందుకనగా చోటు లేదని వెనుకకు పంపవలసివచ్చిన రోగుల ముఖములు చూచినవారు వారే. అక్కడ అధిపతిగా పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరము భారత ప్రభుత్వమునకు క్షయ నివారణ సలహాదారైనాడు.

తొలి మార్పు టీకా రూపమున వచ్చినది. 1948 ఆగస్టులో భారతదేశమున బి.సి.జి. టీకాల పని మదనపల్లెలోనే మొదలైనది. కొలది సంవత్సరములలో అది దేశవ్యాప్తమైన ఉద్యమమైనది. అందఱును మెచ్చలేదు. సాక్షాత్తు రాజాజీ 1955లో దీనిని బహిరంగముగా వ్యతిరేకించి చిన్న పుస్తకము వ్రాసినారు. ఆయన వాదమును వైద్యులు ఖండించిరి. అయినను "ఈ టీకా మన పల్లెలలో నిజముగా పనిచేయునా?" అను ప్రశ్న అడుగదగినదే. దానిని కోపము లేకుండ అడిగి, ఓపికతో జవాబు వెదకినది మదనపల్లె.

ఆ పని 1950లో ఆరంభమైనది. దానిని నడపినవాడు డాక్టరు జొహానెస్ ఫ్రీమోట్ మొల్లర్. మదనపల్లె పట్టణమునందును చుట్టుపట్ల గ్రామములందును ఇంటింటి జాబితాలు వ్రాసి, చేతిపై ట్యూబర్క్యులిన్ పరీక్ష చేసి, ఎక్సురే తీసి, అనుమానమున్నవారి కళ్లెను సూక్ష్మదర్శినితో పరీక్షించిరి. ఒక్కసారి చేసి ఊరకుండలేదు. అవే గ్రామములకు మరల మరల పోయి, నిరుడు ఆరోగ్యముగా నున్నవారిలో ఈ యేడు ఎవరు జబ్బుపడిరి, జబ్బుపడినవారిలో ఎవరు బ్రదికిరి, ఎవరు పోయిరి, ఎవరు ఊరు విడిచిరి అని వ్రాసికొనిరి. కరెంటు లేని పల్లెలకు ఎక్సురే యంత్రమును తీసికొనిపోవుట యనిన సామాన్యమా! పొలము పనులలోనున్న జనమును, అందును పరదేశి వైద్యుడు చేయి గ్రుచ్చునన్న జంకు గల జనమును, ఒకచోట చేర్చుట అంతకంటె కష్టము. 1955 వరకు జరిగిన ఈ పరిశోధన వివరములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. క్షయ పట్నవాసపు జబ్బు, పల్లెగాలికి అది నిలువదు అన్న పాత నమ్మకము దీనితోను, 1955–58లో దేశమంతట జరిగిన నమూనా పరిశీలనతోను కూలిపోయినది.

ఇంతలో మందులు వచ్చినవి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, పాస్, 1952లో ఐసోనయాజిడ్. ఇప్పుడు ప్రశ్న వేఱు. రోగికి మంచము కావలెనా, మాత్రలు చాలునా?

దీనికి జవాబు మదరాసులో దొరకినది. 1956లో అక్కడ వెలసిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు, నగరములోని బీద రోగులను చీట్లు వేసినట్లుగా రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమును శానిటోరియములో నుంచిరి, రెండవ వర్గమును వారి వారి ఇండ్లలోనే యుంచిరి. మందులు ఇరువురికి నొకటే, ఏడాది పాటు. శానిటోరియమువారికి మంచి భోజనము, విశ్రాంతి, గాలి. ఇంటివారికి ఇఱుకు గది, చాలీచాలని తిండి, బ్రదుకుతెరువు పాట్లు. 1959లో ఫలితములు ప్రకటించినపుడు లోకమంతయు ఆశ్చర్యపడినది. ఇంటివారును దాదాపు వారితో సమానముగా కోలుకొనిరి. ఇంటిలోని తక్కినవారికి దానివలన ఎక్కువ అపాయమును కలుగలేదు. నూరేండ్లుగా వైద్యులు నమ్మిన వరండా, గాలి, పాలు మందు ముందు అప్రధానములైనవి. పడకల లెక్క ఒక్క దెబ్బతో తీరిపోయినది.

శానిటోరియమువారే తమ శానిటోరియము అవసరము తగ్గినదను మాట నొప్పుకొనుట చిన్న విషయము కాదు. మదనపల్లెవారు ఒప్పుకొనుటయే కాదు, చుట్టుపట్ల పల్లెలలో ఇంటివద్ద చికిత్స ఎట్లు పనిచేయునో తామే పరిశీలించి, ఆ ఫలితములను 1981లో ప్రచురించిరి.

ఇక దేశమంతటికి ఒక పద్ధతి కావలసివచ్చినది. 1959లో బెంగుళూరున జాతీయ క్షయ సంస్థ ఏర్పడినది. అక్కడి సమాజశాస్త్రజ్ఞులు తుముకూరు ప్రాంతపు పల్లెలలో రోగుల నడిగి తెలిసికొనిన సంగతి యొకటి నన్ను ఇప్పటికిని వెంటాడును. వ్యాధి గలవారిలో సుమారు సగముమంది అంతకు మునుపే తమంత తాముగా ఏదో యొక ఆసుపత్రికి పోయి యుండిరి. అక్కడ వారికి దొరకినది దగ్గు మందు సీసా! జనము అజ్ఞానులు, వారిని వెదకి పట్టవలెనన్న అధికారుల అభిప్రాయము తలక్రిందులైనది. రోగి వచ్చుచునే యున్నాడు, చూడవలసినవారే చూచుట లేదు. కావున ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునందును కళ్లె పరీక్ష, అక్కడనే మందులు, జిల్లాకొక పర్యవేక్షణ కేంద్రము అను పథకము వేసిరి. దానిని తొలుత పరీక్షించి చూచినది మన పొరుగున అనంతపురము జిల్లాలోనే. 1962 నుండి అది జిల్లా క్షయ కార్యక్రమముగా దేశమున విస్తరించినది.

కాగితముపై ఈ పథకము ముప్పది యేండ్లు మారలేదు. ఆచరణలో మాత్రము మారినది. కళ్లె పరీక్ష వెనుకబడి ఎక్సురే ముందుకు వచ్చినది. రెండు నెలలు మందు తిని దగ్గు తగ్గిన రోగి మూడవ నెల రాలేదు. రానివానికి ఉత్తరము వ్రాయవలెనని నియమము, వ్రాసిరో లేదో. ఒకచోట మందు లేదు, మఱియొకచోట మందున్నను మనిషి లేడు. ఇట్టి మార్పును ఎవరును తీర్మానించరు, ఏ ఉత్తరువును వెలువడదు. కావున అది ఏ పుస్తకమునను నమోదు కాదు. బుద్ధిపూర్వకముగా చేసిన మార్పుకంటె ఇదియే ప్రమాదకరమని నాకు తోచును. 1992లో నిపుణులు కార్యక్రమమును సమీక్షించునాటికి, చికిత్స మొదలుపెట్టినవారిలో తుదివరకు నిలిచినవారు చాల తక్కువయని తేలినది.

తరువాతి పద్ధతి ఆఫ్రికా నుండి వచ్చినది. టాంజానియాలో కారెల్ స్టిబ్లో యను వైద్యుడు ఒక మంచి లెక్క నేర్పినాడు. మూడు నెలలలో ఎందఱు రోగులు చేరిరో వారినందఱను ఒక జట్టుగా వ్రాసికొని, వారిలో ప్రతియొక్కడు ఏమైనాడో చెప్పితీరవలెను: నయమైనాడా, మరణించినాడా, మానివేసినాడా, వేఱొకచోటికి పోయినాడా. "తెలియదు" అనుట కుదరదు. ఈ లెక్కతో పాటు, వేఱొకరు కన్నులార చూచుచుండగా మందు మ్రింగవలెనన్న నియమముతో 1993 నుండి మన దేశమున ప్రయోగములు జరిగి, 1997 నుండి విస్తరించి, 2006 నాటికి ఆ పద్ధతి దేశమంతట నిండినది. వారమునకు మూడురోజుల మందు 2017లో ప్రతిదినపు మందుగా మారినది.

టీకా కథ కూడ చెప్పవలెను. మదనపల్లె పల్లెలలో బి.సి.జి. కొంత రక్షణ నిచ్చినట్లు కనబడినది. కాని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభించిన మహా పరిశోధన ఫలితములు 1979లో వెలువడగా, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలినది. రెండు చోట్లును దక్షిణదేశమే, దూరము మహా యెక్కువ కాదు. పరిసరములలోని ఇతర సూక్ష్మజీవుల ప్రభావమని కొందఱు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వివాదము పూర్తిగా తీరలేదు. టీకాను మాత్రము విడువలేదు. పసిపిల్లలను మెదడు పొరలకు సోకు క్షయ నుండి కాపాడుటకు పుట్టినవెంటనే వేయుచున్నారు. మందు అదే, ఉద్దేశము మారినది.

ఆరోగ్యవరము నేడు అన్ని జబ్బులకు చికిత్స చేయు ఆసుపత్రి. రోగుల పేర్లు 2012 నుండి నిక్షయ్ అను కంప్యూటరు పట్టికలో చేరుచున్నవి. 2018 నుండి చికిత్స పొందు రోగికి ఆహారము నిమిత్తము నెలకు 500 రూపాయలు ఇచ్చు పథకము వచ్చినది. 2024 నవంబరు నుండి దానిని 1,000 చేసిరి. ఇంటివద్ద తిండి ఎట్లున్నను మందు పనిచేయునని 1959లో మదరాసు కేంద్రము చెప్పినది గదా! జాతీయ క్షయ పరిశోధన సంస్థయను పేరు గల ఆ కేంద్రమే ఝార్ఖండులో జరిగిన ఒక పరిశోధనలో పాలుపంచుకొన్నది. రోగి కుటుంబమువారికి నెలనెల బియ్యము, పప్పు మొదలగు ఆహారపదార్థము లిచ్చి చూడగా, ఆ యిండ్లలో క్రొత్తగా క్షయ సోకుట నూటికి సుమారు నలువది వంతులు తగ్గినదని 2023లో ప్రకటించిరి. వరండాను, మంచమును మఱల ఎవరును అడుగలేదు గాని, పాలగ్లాసు మాత్రము ఈ విధముగా తిరిగి వచ్చినది. ఈసారి రోగికి మాత్రమే కాక, అతని యింటివారికి కూడ.