కొల్లూరు గని – వజ్రపరీక్ష

స్వామికి వజ్రము సమర్పింపగోరు భక్తులు "మేలిమి రాయిని గుర్తించుట ఎట్లు?" అని అడుగుచుందురు. దీనికి సమాధానము మన పల్నాటి చరిత్రలోనే కలదు.

కృష్ణానదీతీరమున, నేడు పులిచింతల జలాశయము ముంచిన భూమిలో, కొల్లూరు గని యుండెడిది. 17వ శతాబ్దిలో, కుతుబ్‌షాహీల యేలుబడియందు, అచ్చట 60,000 మంది పనిచేయుచుండిరని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాసెను.

ఐరోపావారు పగటివెలుగున వజ్రమును చూడగా, ఈ దేశపు వర్తకులు రాత్రివేళ పరీక్షించెడివారని ఆయన కథనము. గోడలో అడుగు చదరపు గూడు, అందు లావుపాటి వత్తితో దీపము; దానికెదురుగా వ్రేళ్ళ నడుమ రాయిని పట్టి, దాని నీటిని, లోపలి మచ్చలను నిర్ణయించెడివారు. నీలిఛాయ కలదను సందేహము తోచినచో, గుబురుచెట్టు పచ్చని నీడలో చూచిన అది తేటతెల్లమగును.

ఆయన మరియొక రహస్యము తెలిపెను. నిర్దోషమైన రాయిని సానపై లేశమాత్రము తాకించి విడుతురు. మచ్చగల రాయికి మాత్రము ఒడలెల్ల పలకలు తీర్చి మచ్చను మరుగుపరతురు. అంతకు శతాబ్దములకు పూర్వమే బృహత్సంహితయందు వరాహమిహిరుడు కాకపదాది దోషములను పేర్కొనియుండెను.

నేడును వన్నె, నిర్మలత, కోత, బరువు అను నాలుగింటిని పరీక్షింపవలయును. ఒక క్యారెట్టు 200 మిల్లీగ్రాములు. బరువును తక్కెడ చెప్పును. నైర్మల్యమును వెలుగే చెప్పును. కావున మెరుపునకు లోబడక, లోపల చూచి కొనుడు. అంతఃకరణపరీక్షకును ఇదియే మార్గము: ఆడంబరము దోషమును కప్పును, జ్ఞానదీపము దానిని చూపును.