ఖాళీ గళ్ళను ఎవరు తిరిగి ఇవ్వాలి?

ఈసారి కూడా చరిత్రే, కానీ రాజులది కాదు. కంప్యూటరు లోపలి జాబితాలది. జాబితా అంటే లిస్టు. ఈ మాట నోటుబుక్కులో రాసుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మొదట్లో జాబితాకు ఎన్ని గళ్ళు కావాలో ముందే చెప్పాలి. వంద అంటే వందే. నూటొకటోది వస్తే చోటు లేదు. పదే వస్తే తొంభై వృథా.

1955-56లో అమెరికాలో అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ ఒక ప్రోగ్రాము మొదలుపెట్టారు. అది తర్కశాస్త్రంలో సిద్ధాంతాలను రుజువు చేయాలి. రుజువు ఎంత పొడుగవుతుందో ముందే ఎవరికి తెలుసు? అందుకని ప్రతి గడిలో విషయంతో పాటు తర్వాతి గడి చిరునామా కూడా పెట్టారు. ఇక గళ్ళు పక్కపక్కన ఉండక్కర్లేదు. వాళ్ళ భాష పేరు ఐపీఎల్. క్రికెట్ కాదండీ!

మరి పని అయిపోయిన గడిని ఎవరు తిరిగి ఇవ్వాలి? అసలు గొడవంతా ఇక్కడే. ఐపీఎల్‌లో ఆ పని ప్రోగ్రాము రాసేవాళ్ళదే. జాన్ మెకార్తీకి అది నచ్చలేదు. లిస్ప్ భాష గురించి 1960లో అచ్చయిన వ్యాసంలో ఆయన వేరే దారి చూపించారు: గళ్ళు అయిపోతే యంత్రమే వెతికి, ఎవరూ వాడనివాటిని ఏరుకుంటుంది.

తర్వాత 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సీ భాష తయారుచేశారు. సీ ఆ బాధ్యతను మళ్ళీ మనిషికే అప్పగించింది. మాలక్ చోటు అడుగుతుంది, ఫ్రీ తిరిగి ఇస్తుంది. యంత్రం చిన్నది, దాని మీద యూనిక్స్ నడవాలి, కాబట్టి నాకది సబబుగానే అనిపిస్తుంది. 1978లో రిచీ, బ్రయన్ కెర్నిఘన్ కలిసి రాసిన పుస్తకంలో ఈ చోటు పంచే ప్రోగ్రామే ఉంది. ఖాళీ ముక్కలను అది గొలుసులా కట్టి ఉంచుతుంది. అంటే జాబితాలకు చోటిచ్చేది కూడా ఒక జాబితానే! నాకు చాలా ఇష్టమైన పేజీలవి.

మా గుడిలో పండగ రోజుల్లో చెప్పులకు టోకెన్లు ఇస్తాం. టోకెనే చిరునామా అనుకోండి. చెప్పులు వదిలేసి టోకెన్ పారేసుకుంటే ఆ అర ఎవరికీ పనికిరాదు. ఇలాంటివి పెరిగితే స్టాండు నిండిపోతుంది. చెప్పులు తీసుకున్నాక కూడా ఒకరు టోకెన్ దగ్గరే ఉంచుకున్నారనుకోండి. ఆ అరలో ఇప్పుడు వేరేవాళ్ళ చెప్పులుంటాయి. పాత టోకెన్‌తో వస్తే వాటిని పట్టుకుపోవచ్చు. ఇదే ఎక్కువ ప్రమాదం. దొంగలు కంప్యూటర్లలోకి దూరే దారుల్లో ఇదొకటి. తాము ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులవేనని 2019లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు చెప్పారు.

జావా మెకార్తీ దారి పట్టింది. 2015లో 1.0 వెర్షన్ వచ్చిన రస్ట్‌ది మూడో దారి: ఏ గడి ఎవరిదో ప్రోగ్రాము నడవకముందే కంపైలర్ తేల్చుకుంటుంది. లైనక్స్ కెర్నల్ మాత్రం ఇంకా చాలావరకు సీలోనే ఉంది. అక్కడ గడిని తిరిగి ఇవ్వాల్సింది ఇప్పటికీ రాసిన మనిషే.