నాసికాసంధానము: పాతగాయమునకు వ్యయకర్త యెవరు?

మన నుడికారములో ముక్కు కేవలము శ్వాసేంద్రియము కాదు, మర్యాదకు గుర్తు. పూర్వపు ప్రభువులు శత్రువును చంపక, జీవితాంతము అవమానింపదలచినప్పుడు ముక్కు కోయించుచుండిరి. కావుననే పోయిన ముక్కును మరల నిలుపు విద్య యీ దేశమున మిక్కిలి ప్రాచీనకాలముననే పుట్టినది. సుశ్రుతసంహితయందు సూత్రస్థానములోని పదునారవ యధ్యాయమున నా విధానము కలదు. ముక్కు కొలతకు ఒక యాకును తీసికొని, ఆ పరిమాణమున చెక్కిలి చర్మమును ఒకవైపు అంటియుండునట్లు కోసి, ముక్కుచోట అతికి, రంధ్రములందు రెండు గొట్టములుంచి, యష్టిమధుకాది చూర్ణములు చల్లి, దూదితో కప్పి, నువ్వులనూనెతో తడుపవలెనని గ్రంథకర్త విధించెను. గొట్టముల ప్రసక్తిని బట్టి ఆయన దృష్టి యందముమీదనే కాక యూపిరిమీదను గలదని తెలియుచున్నది.

ఈ విద్యయొక్క తరువాతి కథ చిలమత్తూరు, హిందూపురము, పెనుకొండల వారికి పరాయిది కాదు. ఈ సీమ 1799 వరకు మైసూరు సుల్తానుల యేలుబడిలోనుండి, 1800లో నిజాము కంపెనీవారికిచ్చిన దత్తమండలములలో చేరినది. 1790 మొదలు 1792 వరకు జరిగిన మూడవ మైసూరు యుద్ధమున ఇంగ్లీషు సేనకు ఎద్దులను తోలిన కావస్జీ యనువాడు టిప్పు సుల్తానుకు చిక్కగా, అతని ముక్కును, ఒక చేతిని నరికించిరి. ఏడాదికి పైగా ముక్కులేకయే యుండిన పిమ్మట, పూనా సమీపమున ఇటుకలు చేయు కుమ్మరి కులస్థుడొకడు అతనికి క్రొత్తముక్కు నమర్చెను. మైనముతో ముక్కు నమూనా చేసి, దానిని చదునుజేసి నుదుటిపై పరచి, చుట్టును గీతగీసి, ఆ మేర చర్మమును కోసి, కనుబొమ్మలనడుమ సన్నని తునుకను మాత్రము తెంపక క్రిందికి త్రిప్పి యతికెను. రక్తప్రసారమునకు ఆ తునుకయే యాధారము. కాచు తడిపిన గుడ్డపేలికలతో అతుకును కాపాడి, సుమారు ఇరువదియైదవ నాడు ఆ తునుకను కోసివేసిరి. బొంబాయి వైద్యు లిద్దరు చూచిన యీ వృత్తాంతము 1794 అక్టోబరున లండనునందలి ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’లో అచ్చుపడినది.

ఇందు రెండు సంగతులు విచారింపదగినవి. శాస్త్రము పండితుల తాళపత్రములలో నుండెను. హస్తకౌశలము కుమ్మరియందు నిలిచెను. శవమును, రక్తమును అంటరాదని చదువరులు దూరముగా నిలిచినందున విద్య వారిని వదలిపోయినది. ఇక రెండవది: కావస్జీ కంపెనీవారి పింఛను పొందుచున్నాడని ఆ లేఖయే చెప్పుచున్నది. కొలువులో కలిగిన నష్టమునకు కొలువుదీర్చిన సంస్థ కొంత బాధ్యత వహించెనన్నమాట.

ఆ లేఖనుబట్టి యభ్యాసముచేసిన జోసెఫ్ కార్పూ 1814లో లండనున నుదుటిచర్మముతో నాసికాసంధానమొనర్చి, 1816లో గ్రంథము ప్రకటించెను. 1811లో అల్బుయేరా యుద్ధమున పతాకమును కాపాడుచు ముక్కును, చేతిని కోల్పోయిన లాథమ్ అను సేనానికి ఆ వైద్యుడే శస్త్రచికిత్స చేయుటకు వ్యయమును రాజప్రతినిధియైన యువరాజు భరించెను. గాయము పాతదని ఆయన వెనుదీయలేదు. కాని ప్రతి క్షతగాత్రునకు యువరాజు దొరకునా? ఒకరి దయ చేయు పనిని అందరి చందా చేయుటయే బీమా.

ఆ యాలోచన మన సీమకును వచ్చినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలోనే మొదట ఆరంభమైనది. చిలమత్తూరు అప్పుడు అనంతపురము జిల్లాలోనిది, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. అట్టి పథకములలో ఏ చికిత్స చేరునో జాబితానుబట్టి తేలును. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే యడుగవలెను.

సొంతముగా కొనిన బీమాలో రెండు ప్రశ్నలు వచ్చును. చికిత్స యలంకారమా, పునరుద్ధరణమా యనునది మొదటిది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఏర్పరచిన నియమము సౌందర్యచికిత్సను మినహాయించుచునే, ప్రమాదము, కాలిన గాయము, క్యాన్సరుల పిదప చేయు పునర్నిర్మాణమును ఆ మినహాయింపునుండి తప్పించినది. గాయము ఎప్పటిదనునది రెండవది. బీమాకు పూర్వమే యున్న వ్యాధులకు నిరీక్షణకాలము 2024 మార్పు ప్రకారము 36 మాసములకు మించరాదు. కావున ప్రతిపాదనపత్రమున పాతగాయమును దాచరాదు. దాచినచో తరువాత నిరాకరణకు మనమే త్రోవ చూపినవారమగుదుము. గాయమునాటి ఆసుపత్రి చీటీలు, పోలీసు నివేదిక, ముక్కు నడిమిగోడ వంగి శ్వాస కడ్డుపడుచున్నదను వైద్యుని పరీక్షాపత్రము భద్రపరుపవలెను.

ఇంట ఆడుబిడ్డకు ముక్కు వంకరపోయినచో పెండ్లికి వెరచి దాచుట, మగవానికైనచో నవ్వి యూరకుండుట మనలో నున్న దురాచారము. రెండును చికిత్సను వెనుకకు నెట్టును. జాగు పెరిగినకొలది కాగితములు పోవును, ప్రమాదసంబంధము రుజువుచేయుట కష్టమగును. రాత్రులయందు నోటితో శ్వాసించుచు నిదురలేని వానిని సొగసుకై యాశపడువాడని తలచుట న్యాయము కాదు. గాయము పాతబడవచ్చునుగాని యూపిరి యవసరము పాతబడదు.