సిబిలోయి సఫారీకి ముందు ఒక రోజు పూండికి

కెన్యాలో తుర్కానా సరస్సు తూర్పు ఒడ్డున సిబిలోయి నేషనల్ పార్కు ఉంది. 1973లో ఏర్పడింది. నైరోబీ నుంచి మార్సబిట్ మీదుగా రోడ్డున పోతే రెండు మూడు రోజుల దారి. లేదంటే చిన్న విమానం మాట్లాడుకోవాలి. నీళ్లు, డీజిలు, తిండి అన్నీ మనమే మోసుకుపోవాలి. ఆ పార్కుకు పేరొచ్చింది సింహాల వల్ల కాదు, కూబీ ఫోరాలో దొరికిన ఆదిమానవుల ఎముకల వల్ల. మన ఇంటి పిలకాయలు కొందరు అక్కడికి పోవాలని లెక్కలు వేసుకుంటున్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు తిరువళ్లూరు పక్కన ఉన్న పూండికి పోయి రండి.

ఎందుకంటారా? పూండికి దగ్గర్లో, కుశస్థలి నదీలోయలో అత్తిరంపాక్కం అనే చిన్న ఊరుంది. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అనే ఇద్దరు భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడ రాతి చేతిగొడ్డళ్లు గుర్తించారు. అదే ఏడాది మే నెలలో పల్లవరంలో ఫుట్‌కు దొరికిన రాయితోనే మన దేశంలో పాత రాతియుగం చదువు మొదలైంది. 1999 నుంచి శాంతి పప్పు, కుమార్ అఖిలేష్ బృందం అత్తిరంపాక్కంలో తవ్వకాలు జరిపింది. అడుగు పొరల్లోని చేతిగొడ్డళ్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో తేల్చారు. మనిషి ఎముకలు దొరకలేదు గానీ, బంకమట్టిలో జంతువుల గిట్టల ముద్రలు, నీటిదున్న, మనుబోతు జాతుల పళ్లు దొరికాయి. అంటే మన ఊళ్ల పక్కనే ఒకప్పుడు సఫారీలో చూసేలాంటి మైదానం ఉండేదన్నమాట.

ఇప్పుడు తుర్కానా వైపు చూడండి. అక్కడి పడమటి గట్టున దొరికిన ఇదే రకం చేతిగొడ్డళ్లకు సుమారు 17 లక్షల 60 వేల ఏళ్లు. అదే గట్టున 1984లో బయటపడ్డ 'తుర్కానా బాలుడి' అస్థిపంజరం వయసు మన అత్తిరంపాక్కం రాళ్లతో ఇంచుమించు సమానం.

'మీరు ఎప్పుడొచ్చారు ఈ ఊరికి?' అని మనల్ని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. తిరుత్తణి తాలూకా 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారాక ఆ ప్రశ్న మరీ ఎక్కువైంది. ఇంట్లో పెద్దవాళ్లు నాయకరాజుల కాలం దాకా లెక్క చెప్పేవారు. 15 లక్షల ఏళ్ల లెక్కలో అడిగినవాళ్లూ, జవాబు చెప్పినవాళ్లూ నిన్న వచ్చినవాళ్లే. అయినా ఉన్న ఊరి సంగతి తెలిసినవాళ్లకు ఆ ఊళ్లో ఒక చనువు ఉంటుంది. మన పిలకాయలకు దక్కాల్సింది అదే.

ఇక ప్రయాణం సంగతి. పూండిలో 1985లో పెట్టిన ప్రభుత్వ మ్యూజియం ఉంది. సెలవు రోజు కనుక్కుని, పొద్దున్నే పోండి. చేతిగొడ్డలి అంచు రెండు వైపులా ఎట్లా చెక్కారో పిలకాయల చేత బొమ్మ గీయించండి. గుడియం గుహలకు అడవిలో నడవాలి. అటవీశాఖ వాళ్లను అడిగి, దారి తెలిసిన ఊరి మనిషిని తోడు తీసుకుని, తాగే నీళ్లు దండిగా పట్టుకుని, పొద్దు వాలకముందే తిరిగొచ్చేయండి. కింద కనబడ్డ రాయి ఏదీ జేబులో వేసుకోవద్దు. ఉన్నచోట ఉంటేనే దాని వయసు తెలిసేది. సిబిలోయిలోనూ ఇదే కట్టుబాటు.

ఆ బొమ్మల పుస్తకం కెన్యాకు తీసుకుపోండి. నైరోబీ మ్యూజియంలో చేతిగొడ్డళ్ల ముందు నిలబడి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.