జైళ్లలో నిషిద్ధ వస్తువుల నియంత్రణ

గంజాయి, మద్యం, సెల్‌ఫోన్లు, ఆయుధాల వంటివి జైల్లోకి రాకుండా అడ్డుకోవడం, వచ్చినవాటిని పట్టుకోవడం ఈ నియంత్రణ లక్ష్యం. 1894 నాటి భారత జైళ్ల చట్టం 42వ సెక్షన్ వీటిని చేరవేసేవారికి 6 నెలల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ శిక్షగా పెట్టింది. కేంద్రం 2023లో రూపొందించిన నమూనా చట్టం, ఫోను ఉంచుకున్న ఖైదీకి 3 ఏళ్ల వరకు జైలుశిక్ష సూచించింది. శిక్ష పెంచడం మంచిదే కానీ, సరుకు ఏ దారిన వస్తోందన్నది అంతకన్నా ముఖ్యం. అనుమానం ముందుగా ములాఖత్‌కు వచ్చే కుటుంబాల మీదే పడుతుంది. ఇది చాలాసార్లు అన్యాయం. అమెరికాలోని బాల్టిమోర్ నగర జైలు కేసులో 2013 ఏప్రిల్‌లో అభియోగాలు ఎదుర్కొన్న 25 మందిలో 13 మంది అక్కడి మహిళా సిబ్బందే. ఒక ముఠాకు ఫోన్లు, మత్తుమందులు చేరవేశారన్నది అభియోగం. 2015లో ఆ జైలునే మూసేశారు.

అందుకే సిబ్బందినీ సోదా చేయాలి. అలా చేస్తే వారి గౌరవానికి భంగమన్న అభ్యంతరం ఉంది. కానీ అధికారి నుంచి వార్డర్ దాకా అందరికీ ఒకే సోదా ఉంటే అందులో అవమానం లేదు. పైగా ముఠా బెదిరించినప్పుడు, గేటు దగ్గర దొరికిపోతానని చెప్పి తప్పుకునే వీలు నిజాయతీగల ఉద్యోగికి దక్కుతుంది. ఫోన్ సిగ్నళ్లను అడ్డుకునే జామర్లు పెడితే చాలదా అన్నది మరో వాదన. పాత నెట్‌వర్క్‌కు బిగించిన జామర్ కొత్తదాన్ని ఆపలేదు, శక్తి పెంచితే చుట్టుపక్కల ఇళ్లలో ఫోన్లు మూగబోతాయి. సరుకుకు టపా కూడా ఒక దారే: మత్తుమందులో తడిపిన కాగితాల మీద ఉత్తరాలు వస్తుండటంతో స్కాట్లండ్ జైళ్లు 2021 చివరి నుంచి ఖైదీలకు వాటి నకళ్లే ఇస్తున్నాయి. ఒక దారి మూస్తే మరొకటి తెరుచుకుంటుంది కాబట్టి గిరాకీనీ తగ్గించాలి. ఇంటికి చవకగా మాట్లాడుకునే అధికారిక ఫోను, వ్యసనానికి వైద్యం, సిబ్బందికి తగిన జీతం కూడా నియంత్రణలో భాగమే.