గ్యాంగ్‌స్టా ర్యాప్

ముఠాలు, మత్తుమందుల బేరాలు, తుపాకులు, పోలీసు దాడులతో నిండిన వీధి బతుకును ఆ వీధిలో తిరిగే నేరగాడి నోటితోనే చెప్పించే ర్యాప్ సంగీత శాఖ గ్యాంగ్‌స్టా ర్యాప్. 1980ల నడుమ అమెరికాలోని నల్లజాతి పేటల్లో పుట్టి, పదేళ్లలోనే ఆ దేశపు సంగీత వ్యాపారంలో పెద్దపీట దక్కించుకుంది. ఖతార్ దీనికి పుట్టిల్లు కాదు. అయితే ఆ గడ్డకు చెందిన ఇద్దరు కవుల చరిత్ర ఈ శాఖ లేవనెత్తే ప్రశ్నలకు బాగా దగ్గరగా ఉంటుంది.

లక్షణాలు

ఒక గాయకుణ్ణి గ్యాంగ్‌స్టా ర్యాపర్ అనడానికి మూడు గుర్తులు చెప్పుకోవచ్చు. మొదటిది "నేను" అని పలికే గొంతు. దోచినా, పారిపోయినా, పట్టుబడినా అన్నీ ఆ "నేను" చేసే పనులే. చాలా పాటల్లో పక్కన నిలబడి నీతి చెప్పే గొంతు వినబడదు. రెండోది పేట ముద్ర. కాంప్టన్, లాంగ్ బీచ్ వంటి ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు, అక్కడి యాస పాటకు చిరునామా అవుతాయి. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పేరు. సినిమా నటుడి సంగతి వేరు. ‘ప్రేమించుకుందాం రా’ (1997) సినిమాలో సీమ ఫ్యాక్షనిస్టుగా హడలెత్తించిన నటుడు జయప్రకాశ్ రెడ్డి అంతకుముందు బడిపంతులు. ఆ సంగతి తెలిసినంత మాత్రాన ఎవరూ ఆయన్ను మోసగాడనలేదు. ర్యాపర్‌కు ఆ వెసులుబాటు లేదు. పాటలోని నేరగాడికీ, పాడే మనిషికీ ఒకటే పేరు. అందుకే అభిమానులు, పోలీసులు, చివరికి కోర్టులు కూడా "ఇది నువ్వు నిజంగా చేసిందేనా?" అని అడుగుతూ వచ్చాయి.

పుట్టుక

హిప్‌హాప్ 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో విందు వినోదాల సంగీతంగా మొదలైంది. ఫిలడెల్ఫియా గాయకుడు స్కూలీ డి 1985లో తన పేటలోని ఒక ముఠా పేరు మీద పాట విడుదల చేశాడు. దాని ప్రభావంతో లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఐస్-టి 1986లో ‘సిక్స్ ఇన్ ద మార్నిన్’ పాడాడు. తెల్లవారుజామున పోలీసులు తలుపు తడితే వెనుక కిటికీలోంచి ఉడాయించే కుర్రాడి కథ అది. ఈ శాఖ నడక అక్కడే ఖాయమైంది.

ఆ కాలంలో లాస్ ఏంజెలెస్ దక్షిణ పేటల్లో ఉపాధి అడుగంటింది, క్రాక్ కొకైన్ వెల్లువెత్తింది, క్రిప్స్–బ్లడ్స్ ముఠాల తగాదాలు ముదిరాయి, పోలీసు సోదాలు నిత్యకృత్యమయ్యాయి. కాంప్టన్‌లో 1987లో ఈజీ-ఇ, డాక్టర్ డ్రే, ఐస్ క్యూబ్ తదితరులు ఎన్.డబ్ల్యు.ఎ. బృందంగా ఏర్పడ్డారు. వారి ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’ (1988) ఆల్బమ్‌ను రేడియోలు దాదాపు పక్కన పెట్టినా జనం ఎగబడి కొన్నారు. అందులో పోలీసులను తిట్టిపోసే పాట ఒక కోర్టు విచారణలా సాగుతుంది. డ్రే జడ్జి, మిగతావారు ప్రాసిక్యూటర్లు, ముద్దాయి పోలీసు. 1989 ఆగస్టులో ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు ఆ రికార్డు కంపెనీకి అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. ఆ లేఖ బృందానికి మరింత ప్రచారమే తెచ్చింది.

1992లో డ్రే ఆల్బమ్ ‘ద క్రానిక్’ పాత ఫంక్ బాణీలను, సాగదీసిన సింథసైజర్ రాగాలను కలిపి ఈ సంగీతాన్ని శివారు తెల్లవారి ఇళ్లకూ చేర్చింది. మరుసటి ఏడాది స్నూప్ డాగ్ తొలి ఆల్బమ్ విడుదలవుతూనే అమ్మకాల్లో మొదటి స్థానం పట్టింది. తూర్పు, పడమర తీరాల పోటీ పగగా మారింది. టూపాక్ షకూర్ 1996 సెప్టెంబరులో లాస్ వేగస్‌లో, నటోరియస్ బి.ఐ.జి. 1997 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో తూటాలకు బలయ్యారు.

నిజమూ, వేషమూ

పాడినవారందరూ నేరగాళ్లు కారు. ఐస్ క్యూబ్ ఇళ్ల నమూనాలు గీసే డ్రాఫ్టింగ్ కోర్సు చదివాడు. టూపాక్ బాల్టిమోర్ కళల పాఠశాలలో నటన నేర్చాడు. డ్రే అంతకుముందు మెరుపుల దుస్తులతో డ్యాన్స్ సంగీత బృందంలో ఉండేవాడు. అందరికన్నా విచిత్రమైనది రిక్ రాస్ ఉదంతం. కొకైన్ రారాజుగా పాడుకునే ఈ గాయకుడు 1990ల్లో ఫ్లోరిడాలో జైలు గార్డుగా పనిచేశాడని 2008లో బయటపడింది. అతని కెరీర్ ఆగలేదు. అదే పేరున్న అసలు కొకైన్ వ్యాపారి తన పేరు వాడుకున్నాడని దావా వేస్తే, 2013లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు గాయకుడి పక్షాన తీర్పిచ్చింది. పాటలోని మనిషి గాయకుడి కల్పన అన్నది ఆ తీర్పు సారాంశం.

ఖతార్

అరబ్బు కవిత్వానికి బందిపోటు గొంతు కొత్త కాదు. ఇస్లాంకు పూర్వం తెగల నుంచి వెలివేయబడి దోపిడీలతో బతికిన ‘సాలీక్’ కవులు తమ సాహసాలను తామే పాడుకున్నారు. షన్‌ఫరా వారిలో ప్రసిద్ధుడు. ఏడో శతాబ్దంలో ఉమయ్యద్ ఖలీఫాలపై తిరగబడిన ఖారిజీ వర్గపు నాయకుడు ఖతరీ ఇబ్న్ అల్-ఫుజాఆ పేరుమోసిన కవి. ఖతార్ వాయవ్యాన ఉన్న అల్ ఖువైర్ ఆయన జన్మస్థలమని చెబుతారు. తన పేరిట నాణేలు వేయించిన ఈ తిరుగుబాటుదారు పద్యంలోనూ, రణంలోనూ "నేను" ఒక్కటే.

ఇటీవలి కాలంలో ఖతార్ కవి ముహమ్మద్ అల్-అజామీ కేసు ప్రపంచం దృష్టికి వచ్చింది. ట్యునీషియాలో ఎల్ జెనెరాల్ అనే ర్యాపర్, అధ్యక్షుణ్ణి నిలదీసిన పాటకు గాను 2011 జనవరిలో అరెస్టయ్యాడు. అప్పుడు ఆ దేశంలో సాగిన విప్లవాన్ని కీర్తిస్తూ అల్-అజామీ పద్యం రాశారు. 2011 నవంబరులో ఆయన్ను నిర్బంధించి, ప్రభుత్వాన్ని కూలదోయమని ప్రేరేపించారని, అమీర్‌ను అవమానించారని నేరం మోపారు. 2012లో యావజ్జీవ శిక్ష పడింది. అది 2013లో 15 ఏళ్లకు తగ్గింది. 2016 మార్చిలో క్షమాభిక్షతో విడుదలయ్యారు. ఆయన పద్యాల్లో తుపాకీ లేదు, ముఠా లేదు. కాబట్టి ఆయన్ను ఈ శాఖలో చేర్చలేం. పాలకులకు రుచించని మాట మోసే బరువు మాత్రం ఒకటే.

2022 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ సమయానికి ఈ శాఖ వారసత్వం వ్యాపార ముద్రతో దోహా చేరింది. జైలు జీవితం గడిపి వచ్చిన, ట్రాప్ అనే ర్యాప్ శాఖకు చెందిన అట్లాంటా గాయకుడు లిల్ బేబీ, బడ్‌వైజర్ బీరు ప్రచారం కోసం పాట పాడాడు. పోటీలకు రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు అమ్మకాన్ని నిషేధించారు. పాటకు మాత్రం అడ్డు రాలేదు.

ప్రస్తుత స్థితి

2010ల్లో షికాగో, లండన్‌లలో డ్రిల్ అనే శాఖ ఈ బాణీని అందుకుంది. ఐస్-టి దశాబ్దాలుగా టీవీ సీరియల్‌లో పోలీసు పాత్ర వేస్తున్నాడు. అమెరికా ప్రాసిక్యూటర్లు ర్యాప్ పాటలను సాక్ష్యాలుగా ప్రవేశపెట్టడం మానలేదు. జార్జియాలో గాయకుడు యంగ్ థగ్‌పై నడిచిన ముఠా కేసులో 2023 నవంబరులో జడ్జి కొన్ని పాటల చరణాలను షరతులతో అనుమతించారు. కాలిఫోర్నియా ఎదురు దారి పట్టింది. 2022 సెప్టెంబరులో చేసిన చట్టం ప్రకారం పాటను సాక్ష్యంగా వాడాలంటే ముందుగా జ్యూరీ లేని చోట దాని విలువ ఎంతో, అది ఎంత పక్షపాతం రేపుతుందో కోర్టు తూచి చూడాలి.