పార్వతీపురము: రెండు ఓట్లు, ఇద్దరు సభ్యులు

నేటి లోక్‌సభ నియోజకవర్గముల పట్టికలో పార్వతీపురము పేరు కానరాదు. 2008 నాటి పునర్విభజనతో ఆ స్థానము రద్దయి, ఆ మన్యప్రాంతము అరకు నియోజకవర్గమున చేరినది. అయినను ఎన్నికల చరిత్రను చెప్పుకొనునపుడు 1957 నాటి పార్వతీపురమును మనము తలంపక తప్పదు.

ఆనాడు లోక్‌సభకు 403 నియోజకవర్గములుండగా, వానిలో 91 ఇద్దరేసి సభ్యులను పంపుచుండెను. ఒక స్థానము షెడ్యూల్డు కులములకో తెగలకో కేటాయింపబడెడిది, రెండవది సామాన్యము. ఓటరుకు రెండు ఓట్లు. రెండును ఒక్కరికే వేయరాదు. మీట నొక్కుట అటుండ, చీటిపై ముద్ర వేయుటయు నాటికి లేదు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెపై గుర్తు. కోరిన పెట్టెలో చీటిని జారవిడువవలెను.

పార్వతీపురమున గిరిజన స్థానమునకు బిడ్డిక సత్యనారాయణ, దిప్పల సూరిదొర నిలిచిరి. సామాన్య స్థానమునకు నిలిచిన ఇద్దరిలో ఒకరు వి.వి. గిరి. 1952లో పాతపట్నమునుండి గెలిచి, కేంద్ర కార్మికశాఖ మంత్రియై, 1954లో ఆ పదవిని వదలుకొన్న ప్రముఖుడాయన. ఓట్లు లెక్కింపగా సత్యనారాయణ ప్రథముడు, సూరిదొర ద్వితీయుడు. గిరిగారు కొద్ది వందల ఓట్లతో వెనుకబడిరి. రెండు స్థానములును గిరిజన అభ్యర్థులకే దక్కినవి!

గిరిజన స్థానము నిండిన పిదప రెండవ గిరిజన అభ్యర్థికి సామాన్య స్థానమెట్లు చెల్లునని గిరిగారు వాదించిరి. సూరిదొర క్షత్రియుడనని చెప్పుకొనెను గావున గిరిజనుడు కాడనియు ఆక్షేపించిరి. వివాదము సుప్రీము కోర్టు వఱకు పోయెను. 1959లో తీర్పు సూరిదొరకు అనుకూలమయ్యెను. సామాన్య స్థానమనగా అందరిదనియే అర్థము. కేటాయింపు గిరిజనునికి కనీసపు హామీ మాత్రమే, అంతకుమించి ఓట్లు సంపాదించినవానిని అది అడ్డగింపదు. ఈ తీర్పు న్యాయమనియే మా అభిప్రాయము. ఓడిన గిరిగారికి పెద్ద నష్టమేమియు కలుగలేదు. 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరైరి, 1969లో రాష్ట్రపతియైరి.

ద్విసభ్య పద్ధతి మాత్రము నిలువలేదు. 1961లో పార్లమెంటు దానిని చట్టముచేత రద్దుచేసెను. అంత విశాలమైన ప్రాంతమున ప్రచారము భారమగుట నిజమే. కాని ఒకే ఓటరు ఒక ఓటు గిరిజనునికి, మఱియొకటి ఇతరునికి వేయగల వెసులుబాటు దానితో పోయినది. ఆ సంగతి తఱచుగా ఎవరును చెప్పరు.

1962లో పార్వతీపురము గిరిజనులకు కేటాయించిన ఏకసభ్య స్థానమయ్యెను. బిడ్డిక సత్యనారాయణ మరల గెలిచి, ఈసారి ఒంటరిగా ఢిల్లీకి వెళ్ళెను.